రెండు స్ట్రింగులు ఎప్పుడు సమానం? డేటాబేస్ యూనిట్ టెస్టుల్లో టెక్స్ట్ పోలిక

డేటాబేస్‌కు యూనిట్ టెస్టులు, అంటే కోడ్‌లో ఒక్కో చిన్న భాగం సరైన విలువ ఇస్తోందో లేదో చూసే టెస్టులు రాసేవాళ్లకు అంకెల దగ్గర పెద్దగా ఇబ్బంది రాదు. 10 రావాల్సిన చోట 11 వస్తే టెస్టు ఫెయిలవుతుంది, తప్పు ఎక్కడుందో వెతుక్కుంటారు. టెక్స్ట్ దగ్గరే, అంటే స్ట్రింగుల దగ్గరే చిక్కంతా. స్క్రీన్ మీద ఒకేలా కనిపించే రెండు పేర్లు సమానం కాదంటూ టెస్టు ఎర్రగా మారుతుంది. ఇంకోసారి, కంటికి తేడా స్పష్టంగా కనిపిస్తున్న రెండు పేర్లు సమానమేనంటూ పచ్చగా పాసవుతుంది. మొదటి రకం విసిగిస్తుంది గానీ, కనీసం దాన్ని పట్టించుకుంటాం. అసలు ప్రమాదం రెండోదానితోనే, ఎందుకంటే పాసైన టెస్టును ఎవరూ తెరిచి చూడరు.

ఈ రెండింటికీ మూలం ఒక్కటే. టెస్టులో మనం సమాన గుర్తు పెట్టినప్పుడు, దాని అర్థం మనం నిర్ణయించడం లేదు. ఆ డేటాబేస్‌ను ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఎంచుకున్న కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరసలో పెట్టే నియమాలు), ఆ కాలమ్ టైపు, కోడ్ నడుస్తున్న ఇంజిన్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) కలిసి నిర్ణయిస్తున్నాయి. అప్లికేషన్ కోడ్‌లో అది చాలాసార్లు మనకు మేలే చేస్తుంది. కస్టమర్ తన ఈమెయిల్‌ను పెద్ద అక్షరాల్లో కొట్టినా చిన్న అక్షరాల్లో కొట్టినా దొరకాలి కదా. టెస్టు పని వేరు. కోడ్ ఏ విలువ ఇచ్చిందో కచ్చితంగా చెప్పడమే దాని పని. అందుకే టెస్టులో టెక్స్ట్ పోలిక ఎప్పుడూ అత్యంత కఠినంగా మొదలవ్వాలని, ఎక్కడైనా సడలింపు కావాలంటే అది టెస్టులోనే పైకి కనిపించేలా రాసి ఉండాలని నా అభిప్రాయం. ఇంజిన్ డిఫాల్టు మీద ఆధారపడిన పోలిక ఏదైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తుంది.

కొలేషన్, చివరి స్పేసులు

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌నే ముందు తీసుకుందాం. అమెరికన్ ఇంగ్లిష్ విండోస్ మీద ఇన్‌స్టాల్ చేస్తే వచ్చే డిఫాల్టు కొలేషన్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. ఆ కొలేషన్ పేరులో ఉండే సీఐ అన్న రెండక్షరాలు చెప్పేది అదే. దీని మీద టీఎస్‌క్యూఎల్‌టీ ఫ్రేమ్‌వర్క్‌తో టెస్టులు రాస్తున్నారనుకోండి. రెండు స్ట్రింగులు సమానమో కాదో చూసే అందులోని అసర్ట్‌ఈక్వల్స్‌స్ట్రింగ్ అనే ప్రొసీజర్ లోపల చేసేది మామూలు సమాన గుర్తుతో పోలికే. కాబట్టి పాన్ నంబరును పెద్ద అక్షరాల్లోకి మార్చాల్సిన ఫంక్షన్ ఏమీ మార్చకుండా ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగిచ్చినా టెస్టు పాసవుతుంది. ఫంక్షన్ చేయాల్సిన ఒకే ఒక్క పనిని టెస్టు అసలు చూడనే లేదన్నమాట. టేబుళ్లను పోల్చే అసర్ట్‌ఈక్వల్స్‌టేబుల్ కూడా కాలమ్ కొలేషన్ ప్రకారమే నడుస్తుంది కాబట్టి, అక్కడికి మారినా ఫలితం ఇదే.

చివర ఉండే స్పేసుల కథ ఇంకొంచెం లోతైనది. ఎస్‌క్యూఎల్ సర్వర్ రెండు స్ట్రింగులను పోల్చేటప్పుడు పొట్టిదానికి స్పేసులు చేర్చి, పొడవు సమానం చేసి పోలుస్తుంది. ఎస్‌క్యూఎల్-92 ప్రమాణం నుంచి వచ్చిన పద్ధతి ఇది. దాంతో 'రాము', 'రాము ' రెండూ సమానమే. లెన్ ఫంక్షన్ కూడా చివరి స్పేసులను లెక్కపెట్టదు, రెండింటికీ ఒకే సంఖ్య చెబుతుంది. తేడా బయటపడాలంటే బైట్లను లెక్కపెట్టే డేటాలెంగ్త్ వాడాలి. అదే సర్వర్‌లో లైక్‌తో (ప్యాటర్న్‌కు సరిపోతుందా అని చూసే పోలికతో) పోలిస్తే మాత్రం ప్యాటర్న్ చివరి స్పేసులకు విలువ ఉంటుంది. ఒకే ఇంజిన్, పోలికకు రెండు పద్ధతులు, రెండు జవాబులు. ట్రిమ్ చేయాల్సిన, అంటే అటూఇటూ స్పేసులు తీసేయాల్సిన ప్రొసీజర్‌కు టెస్టు రాసి సమాన గుర్తుతో పోల్చామంటే, ఆ టెస్టు చివరి స్పేసుల విషయంలో ఎప్పటికీ ఫెయిల్ కాదు.

కొందరు అక్షరాల కోడ్ విలువలనే పోల్చే బైనరీ కొలేషన్ పెడితే సరిపోతుందనుకుంటారు. పెద్ద, చిన్న అక్షరాల తేడా దానితో తేలుతుంది. స్పేసుల పద్ధతి మాత్రం బైనరీ కొలేషన్‌లోనూ అలాగే ఉంటుంది. దీనికి ఒక చిన్న చిట్కా ఉంది. పోల్చే రెండు వైపులా చివర ఒక నిలువు గీతో, ఇంకేదైనా గుర్తో అతికించి, అప్పుడు బైనరీ కొలేషన్‌తో పోల్చండి. స్పేసులు ఇప్పుడు చివర కాకుండా మధ్యలో పడతాయి కాబట్టి లెక్కలోకి వస్తాయి. దీన్ని ప్రతి టెస్టులో తిరిగి రాయకుండా ఒక సొంత అసర్ట్ ప్రొసీజర్‌గా పెట్టుకుని, టీమంతా దాన్నే పిలిస్తే సగం తలనొప్పి అక్కడే పోతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో టెక్స్ట్, వార్‌చార్ టైపులకు చివరి స్పేసు కూడా ఒక అక్షరమే, పొడవు ముందే నిర్ణయించిన చార్ టైపుకు మాత్రం కాదు. ఒరాకిల్‌లో ఇది మరింత మెలికపడుతుంది. రెండు వైపులా చార్ టైపే ఉంటే స్పేసులు చేర్చి పోలుస్తుంది, ఒక వైపు పొడవు మారే వార్‌చార్2 ఉంటే చేర్చదు. కోట్లలో నేరుగా రాసిన లిటరల్‌ను ఒరాకిల్ చార్‌గా తీసుకుంటుంది. అందుకే చార్(10) కాలమ్‌ను క్వెరీలో లిటరల్‌తో పోలిస్తే రో దొరుకుతుంది, అదే విలువను వార్‌చార్2 వేరియబుల్‌లో పెట్టి పోలిస్తే దొరకదు. టెస్టులో లిటరల్, అసలు కోడ్‌లో వేరియబుల్ ఉంటే టెస్టు చెప్పేది ఒకటి, ప్రొడక్షన్‌లో జరిగేది ఇంకొకటి.

మైఎస్‌క్యూఎల్‌లో వెర్షన్ మారితే జవాబు మారుతుంది. 8.0లో డిఫాల్టుగా వచ్చిన కొత్త కొలేషన్ చివరి స్పేసులను లెక్కలోకి తీసుకుంటుంది. అంతకుముందు వాడిన పాత కొలేషన్లు తీసుకోవు. పాత టేబుళ్లు పాత కొలేషన్‌తోనే ఉండిపోతాయి, కొత్తగా చేసినవి కొత్తదాన్ని తీసుకుంటాయి. ఒకే డేటాబేస్‌లో రెండు టేబుళ్ల మీద రాసిన ఒకే రకం టెస్టు రెండు రకాలుగా ప్రవర్తించడానికి ఇది చాలు. పాత కొలేషన్ల గురించి జపాన్ డెవలపర్ల మధ్య బాగా నానిన ఉదాహరణ ఒకటుంది. ఆ కొలేషన్లలో సుషీ ఎమోజీ, బీరు ఎమోజీ సమానం. నాలుగు బైట్ల గుర్తులన్నింటినీ అవి ఒకే గాటన కట్టేవి.

వేగం కోసం టెస్టులను ఎస్‌క్యూలైట్ మీద నడిపి, ప్రొడక్షన్‌లో మైఎస్‌క్యూఎల్ వాడే టీములు చాలానే ఉన్నాయి. టెక్స్ట్ విషయంలో ఇది నాకు అస్సలు నచ్చని అలవాటు. ఎస్‌క్యూలైట్‌లో సమాన గుర్తు డిఫాల్టుగా బైట్లను పోలుస్తుంది, లైక్ మాత్రం ఇంగ్లిష్ అక్షరాల పెద్దాచిన్నా తేడా చూడదు. మైఎస్‌క్యూఎల్‌లో డిఫాల్టుగా రెండూ చూడవు. ఒకే విలువను రెండుసార్లు ఒప్పుకోని యూనిక్ కాలమ్‌లో ఒకే ఈమెయిల్‌ను పెద్ద అక్షరాల్లో ఒకసారి, చిన్న అక్షరాల్లో ఒకసారి పెట్టే టెస్టు రాస్తే, ఒక ఇంజిన్‌లో రెండు రోలు వస్తాయి, ఇంకోదాంట్లో ఎర్రర్ వస్తుంది. నడిచేది ఏ ఇంజిన్ మీదో టెస్టు కూడా ఆ ఇంజిన్ మీదే, అదే కొలేషన్‌తో నడవాలి.

నల్: పోలికే జరగని చోటు

ఫ్రేమ్‌వర్క్ లేకుండా సొంతంగా రాసుకున్న టెస్టుల్లో నేను ఎక్కువగా చూసే లోపం ఇది. వచ్చిన విలువ, రావాల్సిన విలువ సమానం కాకపోతే ఫెయిల్ చెయ్యి అని ఇఫ్ కండిషన్ రాస్తారు. చదవడానికి బాగానే ఉంటుంది. ప్రొసీజర్ పేరుకు బదులు నల్ (విలువే లేదని చెప్పే గుర్తు) ఇచ్చిందనుకోండి. నల్‌తో దేన్ని పోల్చినా జవాబు అవునూ కాదు, కాదూ కాదు, తెలియదు. ఇఫ్‌కు తెలియదు అంటే లోపలికి వెళ్లొద్దని అర్థం. ఫెయిల్ లైను దగ్గరికి కోడ్ చేరనే చేరదు, టెస్టు పాస్. అంటే ప్రొసీజర్ పూర్తిగా చచ్చిపోయి ప్రతి కాలమ్‌కూ నల్ ఇస్తున్నా టెస్టులన్నీ పచ్చగానే కనిపిస్తాయి.

ఎస్‌క్యూఎల్:1999 ప్రమాణం దీనికోసమే ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ అనే పోలికను తెచ్చింది. దీనికి నల్ కూడా ఒక విలువే. నల్, నల్ ఒకటే. నల్, 'రాము' వేరు. పోస్ట్‌గ్రెస్‌లో ఇది ఏళ్లుగా ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 2022 వెర్షన్‌లో వచ్చింది. ఎస్‌క్యూలైట్‌లో ఈజ్ అనే మాటే ఈ పని చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ టెస్టుల కోసం వచ్చిన పీజీట్యాప్‌లోని ఈజ్ ఫంక్షన్ లోపల ఈ పద్ధతినే వాడుతుంది. టీఎస్‌క్యూఎల్‌టీ, ఒరాకిల్ టెస్టుల ఫ్రేమ్‌వర్క్ యూటీ పీఎల్ఎస్‌క్యూఎల్ కూడా రెండు నల్‌లను డిఫాల్టుగా సమానంగానే చూస్తాయి. ఫ్రేమ్‌వర్క్ వాడమని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక్కటే చాలిన కారణం.

ఒరాకిల్‌లో పనిచేసేవాళ్లు ఇంకొకటి మనసులో పెట్టుకోవాలి. అక్కడ ఖాళీ స్ట్రింగ్, నల్ ఒకటే. ఖాళీ స్ట్రింగ్ రావాలని టెస్టు రాసి సమాన గుర్తు పెడితే, రెండు వైపులా నల్ అయిపోయి జవాబు మళ్లీ తెలియదు. అదే టెస్టును పోస్ట్‌గ్రెస్‌కు తరలిస్తే ఖాళీ స్ట్రింగ్, నల్ రెండు వేర్వేరు విలువలవుతాయి. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారే ప్రాజెక్టుల్లో ఏ కాలమ్‌లో ఖాళీ రావాలి, ఏ కాలమ్‌లో నల్ రావాలి అన్నది ముందే కూర్చుని తేల్చుకుని టెస్టుల్లో రాసిపెట్టుకోకపోతే, తర్వాత ప్రతి రిపోర్టు దగ్గరా అదే వాదన జరుగుతుంది.

తెలుగు డేటా వచ్చినప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవి ఏ భాషలో ఉన్న డేటాకైనా వర్తిస్తాయి. కాలమ్‌లో తెలుగు పేర్లు, ఊళ్లు పెట్టడం మొదలుపెడితే అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు లిటరల్ రాసేటప్పుడు కోట్ ముందు ఎన్ అనే అక్షరం పెట్టాలి. పెట్టకపోతే ఆ స్ట్రింగ్ డేటాబేస్ కోడ్ పేజీలోకి (పరిమిత అక్షరాల పాత పట్టికలోకి) మారుతుంది, ఆ పేజీలో తెలుగు లేకపోతే ప్రతి కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ఒక ప్రశ్నార్థకం అవుతుంది. 'రాముడు' అన్న మాటలో ఆరు కోడ్ పాయింట్లున్నాయి: ర, దాని దీర్ఘం, మ, దాని కొమ్ము, డ, దాని కొమ్ము. 'సీతమ్మ'లోనూ ఆరే: స, గుడి దీర్ఘం, త, మ, పొల్లు, మ. ఎన్ లేకుండా రాస్తే రెండూ '??????' అవుతాయి. ఇప్పుడు రాముడు, సీతమ్మ సమానమని డేటాబేస్ చెబుతుంది, టెస్టు పాసవుతుంది.

ఇది కల్పించి చెప్పిన పరిస్థితి కాదు, చాలా మామూలుగా జరిగేదే. టేబుల్ కాలమ్ యూనికోడ్‌ను దాచే ఎన్‌వార్‌చార్ గానే ఉంటుంది. మధ్యలో ఉన్న స్టోర్డ్ ప్రొసీజర్ పారామీటర్‌ను ఎవరో వార్‌చార్‌గా రాసి ఉంటారు. పేరు అక్కడే చెడిపోయి ప్రశ్నార్థకాలుగా టేబుల్లోకి చేరుతుంది. టెస్టు రాసినవాళ్లు కూడా రావాల్సిన విలువకు ఎన్ పెట్టడం మర్చిపోతే రెండు వైపులా ఒకే రకంగా చెడిపోయి, చక్కగా సమానమవుతాయి. టెస్టు ఫైల్లో ఎన్ ఒక్కటి ఉంటే అదే టెస్టు మొదటిసారే తప్పును పట్టేది. 2019 వెర్షన్ నుంచి వచ్చిన యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) కొలేషన్లతో వార్‌చార్‌లోనూ తెలుగు నిలుస్తుంది గానీ, పాత డేటాబేసుల్లో ఈ గొయ్యి అలాగే ఉంది. టెస్టు డేటాలో ఒక్క తెలుగు పేరైనా పెట్టమని, దానికి జంటగా అంతే పొడవున్న వేరే పేరు కూడా పెట్టమని నేను చెప్పేది ఇందుకే. రెండు పేర్లు వేరని తేలే టెస్టు లేకపోతే, ఒక పేరు వచ్చిందన్న టెస్టుకు విలువ తక్కువ.

ఇప్పుడు 'హైదరాబాద్' అన్న మాటను దగ్గరగా చూడండి. స్క్రీన్ మీద దీనికి ఒకటే రూపం. డేటాబేస్‌లో నాలుగు రకాలుగా ఉండొచ్చు.

మామూలుగా అందులో తొమ్మిది కోడ్ పాయింట్లు: హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి మొత్తం 27 బైట్లు. ఐతే యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే కోడ్ పాయింట్‌గా రాయొచ్చు, లేదా ఎత్వం గుర్తు, కింద వచ్చే ఐత్వపు గుర్తు విడివిడిగా పక్కపక్కన పెట్టొచ్చు. ఈ రెండూ ఒకటేనని యూనికోడ్ ప్రమాణమే చెబుతోంది, బైట్లు మాత్రం వేరు. విడదీసిన రూపంలో మాట 30 బైట్లవుతుంది. ఇలాంటి రూపం ఎక్కడి నుంచి వస్తుందంటే, ఒక దారి పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్. అది ఫైల్ పేర్లను విడదీసిన రూపంలోనే దాస్తుంది. అక్కడి నుంచి అప్‌లోడ్ చేసిన ఫైల్ పేరును అలాగే కాలమ్‌లో పెడితే ఈ రూపం వచ్చేస్తుంది.

రెండో సంగతి చివర ఉన్న పొల్లు. 'హైదరాబాద్‌లో' అని రాయాలంటే పొల్లు తర్వాత కనిపించని గుర్తు ఒకటి పడాలి. అదే జీరో విడ్త్ నాన్‌జాయినర్. అది లేకపోతే ద కింద లావత్తు పడుతుంది. చాలా కీబోర్డులు పొల్లు తర్వాత దీన్ని చేర్చే వీలిస్తాయి. 'హైదరాబాద్‌లో' అన్న మాటను ఎక్కడి నుంచో కాపీ చేసి 'లో' చెరిపేస్తే, ఆ కనిపించని గుర్తు మాట చివర అలాగే మిగిలిపోతుంది. మాట చివర ఉన్నప్పుడు అది ఉన్నా లేకపోయినా కంటికి ఒకటే. దానికీ మూడు బైట్లు, అంటే మళ్లీ 30.

ఐత్వం విడిపోయి, చివర నాన్‌జాయినర్ కూడా ఉంటే 33. మొత్తం నాలుగు రూపాలు: ఒకటి 27, రెండు 30, ఒకటి 33. మధ్యలో ఉన్న రెండింటికీ బైట్ల సంఖ్య ఒకటే, కోడ్ పాయింట్ల సంఖ్యా పదే, కంటికీ ఒకటే, అయినా అవి వేరు. పొడవులు పోల్చి చూసి తేడా లేదనుకునేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

వీటిలో ఏవేవి సమానమన్నది మళ్లీ ఇంజిన్‌ను బట్టే. పోస్ట్‌గ్రెస్ మామూలు కొలేషన్లలో బైట్లు ఒకటైతేనే సమానం, కాబట్టి నాలుగూ నాలుగు వేర్వేరు ఊళ్లు. యూనిక్ కాలమ్‌లో నాలుగూ పడతాయి. యూనికోడ్ కొలేషన్ అల్గారిథమ్ మూల పట్టికలో నాన్‌జాయినర్‌కు బరువే లేదు. ఆ పట్టికను అనుసరించే కొలేషన్లలో అది ఉన్న మాట, లేని మాట సమానమే. మైఎస్‌క్యూఎల్ 8.0 డిఫాల్టు కొలేషన్ ఆ పట్టిక 9.0.0 వెర్షన్ ఆధారంగా చేసిందే. అదే విలువను జావాలోకో పైథాన్‌లోకో తీసుకొచ్చి అక్కడ పోలిస్తే మళ్లీ అసమానం. డేటాబేస్‌లో పోల్చే టెస్టు పాసై, అప్లికేషన్ వైపు పోల్చే టెస్టు ఫెయిలవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

ఒకే మాటకున్న వేర్వేరు యూనికోడ్ రూపాలను ఒకే రూపంలోకి తెచ్చే, పోస్ట్‌గ్రెస్ 13లో వచ్చిన నార్మలైజ్ ఫంక్షన్‌తో ఐత్వం గొడవ తీరుతుంది. ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (గుర్తులను కలిపి రాసే రూపంలోకి) మారిస్తే విడిపోయిన ఐత్వం ఒక్కటైపోతుంది. నాన్‌జాయినర్‌ను మాత్రం నార్మలైజేషన్ ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. మాట మధ్యలో ఉన్న నాన్‌జాయినర్‌ను తీసేస్తే 'రాజ్‌కుమార్' పేరులో జ కింద కావత్తు పడి రూపమే మారిపోతుంది. అంటే మాట చివర ఉన్నదాన్ని తీసేయాలి, మధ్యలో ఉన్నదాన్ని ఉంచాలి. ఇది డేటా లోపలికి వచ్చే చోట పెట్టాల్సిన నియమం. దీన్ని టెస్టులోని పోలికలో పెట్టకూడదు. టెస్టులో రెండు వైపులా నార్మలైజ్ చేసి పోలిస్తే, అసలు కోడ్ నార్మలైజ్ చేయడం మర్చిపోయినా మనకు తెలియదు. లోపలికి నాలుగు రూపాలూ పంపి, బయటికి 27 బైట్ల రూపం ఒక్కటే రావాలని బైట్ల స్థాయిలో పోల్చే టెస్టు రాయాలి.

ఇంకొక రూపభ్రమ కూడా ఉంది. తెలుగు సున్న గుర్తు, తెలుగు అంకె సున్నా చాలా ఫాంట్లలో దాదాపు ఒకేలా ఉంటాయి. పూర్ణానుస్వారం బదులు అంకె సున్నా కొట్టిన పేర్లు డేటాలో ఉంటే ఏ నార్మలైజేషనూ వాటిని కలపదు. అలాంటి పేర్లను లోపలికే రానివ్వకుండా ఆపే చెక్ ఉండాలి, ఆ చెక్‌కు ఒక టెస్టు ఉండాలి.

పొడవు సంగతి కూడా తెలుగు దగ్గరే బాగా బయటపడుతుంది. 'లక్ష్మీనరసింహస్వామి' అని చదివితే ఎనిమిది అక్షరాలు: ల, క్ష్మీ, న, ర, సిం, హ, స్వా, మి. కోడ్ పాయింట్లు 19. యూటీఎఫ్-8లో 57 బైట్లు. పేరుకు 15 చాలులే అని ఎన్‌వార్‌చార్(15) పారామీటర్ పెడితే, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎర్రర్ ఇవ్వకుండా మౌనంగా కోసి 'లక్ష్మీనరసింహస్' దగ్గర ఆపేస్తుంది. టేబుల్లోకి ఇన్సర్ట్ చేసేటప్పుడు పొడవు మించితే ఎర్రర్ వస్తుంది గానీ, వేరియబుళ్లకు, పారామీటర్లకు రాదు. టెస్టులో రావాల్సిన విలువను పెట్టుకున్న వేరియబుల్ కూడా 15కే డిక్లేర్ చేసి ఉంటే అదీ అక్కడే తెగుతుంది. తెగినవి రెండూ సమానం, టెస్టు పాస్. పొడవు అసలు రాయకుండా వార్‌చార్ అని వదిలేస్తే వేరియబుల్‌కు ఒక్క అక్షరమే మిగులుతుంది, కాస్ట్‌లో ఐతే 30. టెస్టు వేరియబుళ్లను ఎప్పుడూ మ్యాక్స్ పొడవుతోనే డిక్లేర్ చేయండి. ఒరాకిల్‌లో వార్‌చార్2(50) అంటే డిఫాల్టుగా 50 బైట్లు కాబట్టి స్వామివారి పేరు అందులో పట్టదు. అక్కడ కనీసం ఎర్రర్ వస్తుంది.

టెక్స్ట్‌గా పోల్చకూడనివి

కొన్నింటిని టెక్స్ట్‌గా పోల్చడమే పొరపాటు. తేదీని స్ట్రింగ్‌గా మార్చి పోలిస్తే సెషన్ భాషను, ఫార్మాట్‌ను బట్టి జవాబు మారుతుంది. ఒరాకిల్‌లో ఎన్ఎల్ఎస్ డేట్ ఫార్మాట్ వేరుగా ఉన్న మెషిన్‌లో నిన్నటిదాకా పాసైన టెస్టు ఇవాళ ఫెయిలవుతుంది. తేదీని తేదీగానే పోల్చాలి. కీ, విలువ జంటలుగా రాసే జేసన్ కూడా అంతే. పోస్ట్‌గ్రెస్‌లో జేసన్‌బీగా మార్చి పోలిస్తే కీల వరస, మధ్య ఖాళీలు అడ్డురావు.

ఎర్రర్ మెసేజ్‌ల విషయంలో మెసేజ్ వాక్యాన్ని కాకుండా ఎర్రర్ నంబరును పట్టుకోవడం మేలు. టీఎస్‌క్యూఎల్‌టీలో ఎక్స్‌పెక్ట్‌ఎక్సెప్షన్‌కు నంబరు ఇవ్వొచ్చు, పీజీట్యాప్‌లో త్రోస్_ఓకేకి ఎస్‌క్యూఎల్‌స్టేట్ కోడ్ ఇవ్వొచ్చు. వాక్యంలో కొంత భాగమే కావాలంటే అసర్ట్‌లైక్ ఉంది గానీ, అది లైక్ నియమాలతో నడుస్తుంది. అండర్‌స్కోర్ అంటే ఏదో ఒక అక్షరం అని, చదరపు బ్రాకెట్ అంటే అక్షరాల సమూహం అని దానికి అర్థం. టేబుల్ పేర్లలో ఈ రెండూ ఉంటాయి. బ్రాకెట్లలో ఉన్న టేబుల్ పేరును ప్యాటర్న్‌గా ఇస్తే అదే పేరుతో మ్యాచ్ కాదు, అండర్‌స్కోర్ ఉన్న పేరు ఇస్తే వేరే పేర్లతోనూ మ్యాచ్ అవుతుంది. బ్రాకెట్‌ను, అండర్‌స్కోర్‌ను చదరపు బ్రాకెట్లలో చుట్టి రాయాలి.

పెద్ద టేబుళ్లను త్వరగా పోల్చడానికి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో విలువలను ఒక సంఖ్యగా కుదించే చెక్‌సమ్ ఫంక్షన్ వాడేవాళ్లున్నారు. అది కొలేషన్‌ను అనుసరిస్తుంది, పైగా వేర్వేరు విలువలకు ఒకే సంఖ్య రావడం అరుదేమీ కాదు. తప్పదనుకుంటే బైట్ల మీద నడిచే హ్యాష్‌బైట్స్ వాడండి.

వరస గురించి ఒక్క మాట. టెక్స్ట్ కాలమ్ మీద ఆర్డర్ బై పెట్టి, వచ్చిన రోలను వరసగా పోల్చే టెస్టు కొలేషన్‌కు కట్టుబడిపోతుంది. పోస్ట్‌గ్రెస్ వరస కోసం చాలాచోట్ల లినక్స్ మూల లైబ్రరీ గ్లిబ్‌సీ మీద ఆధారపడుతుంది, 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28లో ఆ వరస నియమాలే మారిపోయాయి. ఇండెక్సులే తిరిగి కట్టుకోవాల్సి వచ్చిన మార్పు అది. వరస ముఖ్యం కాని టెస్టుల్లో పీజీట్యాప్ బ్యాగ్_ఈక్యూ లాంటి వరస పట్టించుకోని పోలిక వాడాలి. ముఖ్యమైన చోట కొలేషన్‌ను క్వెరీలోనే పేరు పెట్టి రాయాలి.

అనేక లైన్ల టెక్స్ట్‌ను తయారుచేసే ప్రొసీజర్లకు, ఉదాహరణకు డైనమిక్ ఎస్‌క్యూఎల్ రాసేవాటికి, లైను చివరి గుర్తులు అడ్డు తగులుతాయి. విండోస్‌లో లైను చివర రెండు గుర్తులు, లినక్స్‌లో ఒకటి. టెస్టు ఫైల్లో కోట్ల మధ్య ఎంటర్ కొట్టి రాసిన విలువ, గిట్ ఆ ఫైలును ఏ మెషిన్ మీద దించిందన్న దాన్ని బట్టి మారిపోతుంది. నా మెషిన్‌లో పాసవుతోంది, సర్వర్‌లో ఫెయిలవుతోంది అనే గొడవల్లో చాలావాటికి కారణం ఇదే. లైను గుర్తును కోడ్ నంబరుతో పైకి కనిపించేలా రాసుకోవాలి.

ఫెయిలైనప్పుడు ఏం కనిపించాలి

కఠినంగా పోల్చడం మొదలుపెట్టాక ఫెయిలయ్యే టెస్టులు పెరుగుతాయి, అది మంచిదే. కానీ ఫెయిలైనప్పుడు వచ్చే మెసేజ్ పనికొచ్చేలా ఉండాలి. టీఎస్‌క్యూఎల్‌టీ విలువలను కోణపు బ్రాకెట్ల మధ్య చూపిస్తుంది. చివర స్పేసు ఉంటే బ్రాకెట్ దూరంగా జరిగి కనిపిస్తుంది కాబట్టి అది చిన్నదే అయినా చాలా పనికొచ్చే ఏర్పాటు. 'హైదరాబాద్' రావాలి, 'హైదరాబాద్‌' వచ్చింది అని చూపిస్తే మాత్రం ఎంతసేపు చూసినా ఏమీ తేలదు.

సొంత అసర్ట్ రాసుకునేటప్పుడు మెసేజ్‌లో మూడు సంగతులు చేర్చండి: రెండు వైపులా బైట్ల సంఖ్య, తేడా మొదలైన మొదటి స్థానం, ఆ స్థానం నుంచి కొన్ని బైట్ల హెక్స్ (పదహారు అంకెల పద్ధతి) రూపం. హెక్స్ తీయడానికి ప్రతి ఇంజిన్‌లోనూ దారి ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో హెక్స్ ఫంక్షనే ఉంది. ఒరాకిల్‌లో డంప్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో కన్వర్ట్_టూతో బైట్లుగా మార్చి ఎన్‌కోడ్‌కు ఇస్తే వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌బైనరీకి కన్వర్ట్ చేస్తే చాలు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎన్‌వార్‌చార్‌లో తెలుగు కోడ్ పాయింట్‌కు రెండు బైట్లు కాబట్టి అక్కడ హైదరాబాద్ 18, నాన్‌జాయినర్‌తో 20. మెసేజ్‌లో 18, 20 అన్న అంకెలు పక్కపక్కన కనిపిస్తే, కనిపించని గుర్తు ఏదో చివర చేరిందని టెస్టు రాయని మనిషికి కూడా అర్థమవుతుంది.

ఇక సడలింపు నిజంగా అవసరమైన టెస్టులుంటాయి. యూజర్ పేరు వెతుకులాటలో పెద్దాచిన్నా తేడా ఉండకూడదన్నది మీ అప్లికేషన్ నియమమే కావచ్చు. అప్పుడు ఆ కొలేషన్ పేరును పోలిక పక్కనే కొలేట్‌తో రాయండి, టెస్టు పేరులోనూ ఆ నియమం చెప్పండి. రేపు ఎవరైనా డేటాబేస్‌ను కొత్త సర్వర్‌కు మార్చి, అక్కడి డిఫాల్టు కొలేషన్ వేరైనప్పుడు, ఏ టెస్టులు అనుకుని సడలించినవో, ఏవి అనుకోకుండా సడలినవో విడివిడిగా కనిపిస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కొలేషన్ తేడా ఎదురవడానికి కొత్త సర్వర్ దాకా కూడా వెళ్లక్కర్లేదు. టెస్టులో రావాల్సిన రోల కోసం క్రియేట్ టేబుల్‌తో టెంప్ టేబుల్ చేస్తే, దాని టెక్స్ట్ కాలమ్‌లు మామూలుగా టెంప్‌డీబీ (తాత్కాలిక టేబుళ్లు ఉండే డేటాబేస్) కొలేషన్‌ను తీసుకుంటాయి. మీ డేటాబేస్ కొలేషన్ వేరైతే, రెండు టేబుళ్లను కలిపిన క్వెరీ కొలేషన్ తగాదా అంటూ 468 ఎర్రర్‌తో ఆగిపోతుంది. సెలెక్ట్ ఇంటూతో అసలు టేబుల్ నుంచే ఆ టెంప్ టేబుల్‌ను చేసుకుంటే కాలమ్ కొలేషన్ కూడా వెంట వస్తుంది.